సియోల్‌లో యున్ డాంగ్‌జు సాహిత్య మ్యూజియం: ఒక వరల్డ్ లిటరేచర్ స్టూడెంట్ రివ్యూ

సియోల్‌లో చదువుకునే మన తెలుగు పిల్లలు వీకెండ్ వస్తే హొంగ్దే, మ్యాంగ్‌డాంగ్, నమ్సాన్ టవర్ తప్ప ఇంకోటి చూడరు, తప్పేం లేదు నేనూ అక్కడే తిరిగా. కానీ జోంగ్నో వైపు కొండ ఎక్కే రోడ్డులో, చాంగ్విమున్ అనే పాత కోట గేట్ దగ్గర, తెల్లగా బుల్లి బిల్డింగ్ ఒకటి ఉంటుంది. యున్ డాంగ్‌జు సాహిత్య మ్యూజియం. దీని గురించి తెలుగులో రివ్యూ నాకైతే ఎక్కడా దొరకలేదు, అందుకే రాస్తున్నా. నేను ఇక్కడ మాస్టర్స్‌లో వరల్డ్ లిటరేచర్ చదువుతున్నా, ఈ సెమిస్టర్ అంతా "కొరియన్ ఐడెంటిటీ అంటే ఏంటి" అని క్లాసులో కొట్టుకుంటూనే ఉన్నాం కాబట్టి రివ్యూలో ఆ గోల కూడా వస్తుంది, ముందే చెప్తున్నా.

ముందు పనికొచ్చే విషయాలు. ఎంట్రీ ఫ్రీ. సోమవారం సెలవు. గ్యాంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్ 3వ ఎగ్జిట్‌లో బయటికొచ్చి 7022 గానీ 1020 గానీ 7212 గానీ ఎక్కితే సరిగ్గా ముందే దింపుతుంది, స్టాప్‌కి మ్యూజియం పేరే ఉంటుంది. నడిచి కూడా వెళ్ళొచ్చు కానీ అంతా ఎత్తు, ఎండాకాలం అస్సలు వద్దు.

ఈయన ఎవరో తెలియనివాళ్ళకి: కొరియాలో స్కూల్ పిల్లాడిని ఆపి అడిగినా ఈయన కవిత రెండు లైన్లు చెప్తాడు, అంత ఫేమస్. జాతీయ కవి అంటారు. ఇప్పుడు లెక్క చూడండి. పుట్టింది 1917 డిసెంబర్ 30న మంచూరియాలో మ్యాంగ్‌డాంగ్ (సియోల్ మ్యాంగ్‌డాంగ్ కాదు, పేరొకటే) అనే కొరియన్ క్రైస్తవుల ఊళ్ళో, అంటే ఇవాళ్టి చైనాలో. కాలేజీ సియోల్‌లో, ఇప్పటి యోన్సే యూనివర్సిటీ అప్పట్లో యోన్హీ కాలేజ్. తర్వాత పై చదువుకి జపాన్ వెళ్ళాడు, టోక్యోలో రిక్యో, ఆ తర్వాత క్యోటోలో దోషిషా. అప్పటికి కొరియా జపాన్ పాలనలో ఉంది. 1943 జులైలో క్యోటోలో అరెస్ట్ చేశారు, స్వాతంత్ర్య ఉద్యమం కేసు, రెండేళ్ళ శిక్ష. 1945 ఫిబ్రవరి 16న ఫుకుఒకా జైల్లో చనిపోయాడు. 27 ఏళ్ళు. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే స్వాతంత్ర్యం వచ్చేసేది. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన బంధువు సాంగ్ మాంగ్‌గ్యు కూడా అదే జైల్లో మార్చిలో పోయాడు. మొత్తం కలిపితే ఈ జాతీయ కవి ఇవాళ్టి దక్షిణ కొరియా నేల మీద ఉన్నది నిండా నాలుగైదేళ్ళు, సమాధి కూడా చైనాలోనే ఉంది. ఆ సమాధి ఎక్కడుందో 1985లో వెతికి పట్టుకున్నది ఎవరనుకున్నారు, ఒమురా మసుఒ అనే జపాన్ పరిశోధకుడు!

ఇక మ్యూజియం. అది కొత్తగా కట్టింది కాదు, కొండ మీద అపార్ట్‌మెంట్లకి నీళ్ళు ఎక్కించే పాత పంప్ హౌస్. ఆ అపార్ట్‌మెంట్లు కూల్చేశాక వాడకం ఆగిపోయింది, 2012లో దాన్నే మ్యూజియం చేశారు. ఆర్కిటెక్ట్ ఇ సోజిన్. మరి ఇక్కడే ఎందుకంటే 1941లో ఆయన స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఈ కొండ కిందే నుసాంగ్‌డాంగ్‌లో ఒక రచయిత ఇంట్లో రూమ్ తీసుకుని ఉన్నాడు, ఫ్రెండ్‌తో కలిసి పొద్దున్నే కొండ మీదకి వాకింగ్ వచ్చేవాడట. మనం హాస్టల్ దొరక్క రూమ్‌మేట్‌తో సర్దుకున్నట్టే.

లోపల మూడు గదులు. మొదటి దాంట్లో ఫోటోలు, పాత పుస్తకాలు, చేతిరాత కాపీలు, మధ్యలో ఆయన పుట్టిన ఇంటి బావికి ఉండే చెక్క చట్రం. ఫోటోలు తీయనివ్వరు, మంచిదే, లేకపోతే ఇన్‌స్టా రీల్స్ వాళ్ళు నిలబడనిచ్చేవాళ్ళు కాదు. ఈ గది చిన్నది, పది మంది వస్తే నిండిపోతుంది, కొరియన్ రాకపోతే గబగబా చూసి బయటపడతారు. అందుకే చెప్తున్నా, వెళ్ళే ముందు ఈయన కవితలు ఒక పది అయినా ఇంగ్లీషులో చదువుకుని వెళ్ళండి, అప్పుడే ఆ కాగితాలకి ప్రాణం వస్తుంది.

ఆ చేతిరాత కథ చెప్పకపోతే కుదరదు. 1941 చివర్లో కాలేజీ అయిపోతోంది, 19 కవితలు ఏరి 77 కాపీలు అచ్చేయిద్దాం అనుకున్నాడు. మొదట పుస్తకానికి "ఆసుపత్రి" అని పేరు పెడదామనుకున్నాడంట, లోకమంతా రోగులే కదా అని. టీచర్‌కి చూపిస్తే సెన్సార్ వాళ్ళు వదలరు, ఇప్పుడొద్దు అన్నాడు. అప్పటికే స్కూళ్ళలో కొరియన్ భాష పక్కకి పోయింది, 1940లో డాంగా, చోసన్ రెండు కొరియన్ పేపర్లూ మూయించేశారు. సరే అని మూడు కాపీలు చేత్తో రాసుకుని, ఒకటి తన దగ్గర ఉంచుకుని, ఒకటి టీచర్‌కి, ఒకటి రూమ్‌మేట్ జాంగ్ బ్యాంగ్‌ఉక్‌కి ఇచ్చాడు. తర్వాత ఆ రూమ్‌మేట్‌ని జపాన్ సైన్యంలోకి పట్టుకెళ్తే వాళ్ళమ్మ ఆ కాగితాల్ని గ్వాంగ్యాంగ్‌లో తమ ఇంటి చెక్క నేల కింద కుండలో పెట్టి దాచింది. మిగతా రెండూ పోయాయి, ఆ అమ్మ దాచిందే మిగిలింది. 1948లో 31 కవితలతో పుస్తకం వచ్చింది, రాసినాయన పోయిన మూడేళ్ళకి. ఇవాళ కొరియా మొత్తం బట్టీ కొట్టే కవిత్వం ఒక ఇంటావిడ బుర్ర వల్ల బతికిందన్నమాట, కానీ మా సిలబస్‌లో ఆవిడ గురించి ఒక్క లైన్ లేదు!

రెండో గదికి వస్తే అది గదే కాదు. నీళ్ళ ట్యాంక్ పైకప్పు తీసేసి అలాగే వదిలేశారు. చుట్టూ అంత ఎత్తు సిమెంట్ గోడలు, నీళ్ళు నిలిచిన మరకలు అలాగే ఉన్నాయి, పైన నలుపలకల ఆకాశం. బావి అడుగున నిలబడి పైకి చూసినట్టుంటుంది, కావాలనే అలా చేశారు. 1939లో ఆయన రాసిన ఒక కవితలో ఒకడు బావిలోకి తొంగి చూస్తాడు, అందులో కనపడే మనిషి మీద చిరాకొచ్చి వెళ్ళిపోతాడు, మళ్ళీ జాలేసి వెనక్కొస్తాడు. ఆ కవితనే బిల్డింగ్ చేశారు. మూడోది మూత తీయని ట్యాంక్, చీకటి, ఇనప తలుపు, పైన మనిషి దిగే కంత నుంచి వచ్చే వెలుతురు మాత్రమే. అక్కడ గోడ మీదే ఆయన జీవితం వీడియో వేస్తారు, పది నిమిషాల పైచిలుకు. జైలు గది అని ఎవరూ చెప్పక్కర్లేదు. నా మట్టుకు నాకు ఈ మ్యూజియం మొత్తంలో ఈ రెండు ట్యాంకులే అసలు సరుకు, మొదటి గది వాటికి ఇంట్రో అంతే.

ఇప్పుడు క్లాస్ గోల. మా క్లాసులో యాన్జీ (చైనాలో కొరియన్లు ఎక్కువగా ఉండే ఊరు, కవి పుట్టిన వైపే) నుంచి వచ్చిన కొరియన్ చైనీస్ అమ్మాయి ఉంది, క్యోటో నుంచి ఎక్స్‌చేంజ్‌లో వచ్చినబ్బాయి ఒకడు, లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన కొరియన్ అక్క ఒకావిడ, మిగతా అందరూ ఇక్కడివాళ్ళే. ఈ కవి ఎవరివాడు అన్న టాపిక్ రాగానే మొదలు. ఆయన పుట్టిన ఇంటి దగ్గర చైనా వాళ్ళు రాతి మీద "చైనా కొరియన్ జాతి దేశభక్త కవి" అని చెక్కించారు, దాని మీద సియోల్ వాళ్ళకి పీకల దాకా కోపం. యాన్జీ అమ్మాయి మాత్రం "మా అమ్మమ్మకి ఈ రెండు దేశాల గొడవ పట్టదు, ఆవిడకి ఆయన పక్క ఊరి పిల్లాడు" అంది. క్యోటో అబ్బాయి మెల్లగా వాళ్ళ ఊళ్ళో దోషిషా క్యాంపస్‌లో 1995 నుంచే ఆయన కవిత ఉన్న రాయి ఉందని, 2025 ఫిబ్రవరి 16న, అంటే పోయి సరిగ్గా 80 ఏళ్ళకి, యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చిందని చెప్పాడు. చంపేశాక డాక్టరేటా అని ఒకడు అరిచాడు. చంపింది యూనివర్సిటీ కాదు కదరా అని ఇంకొకడు. ప్రొఫెసర్ గారు ఎంజాయ్ చేస్తూ కూర్చున్నారు.

నాకు ఆ గొడవ కన్నా ఇంకోటి పట్టుకుంది. 1941 నవంబర్‌లో నక్షత్రాలు లెక్కపెడుతూ రాసిన కవితలో ఆయన ఒక్కో చుక్కకి ఒక్కో పేరు పెడతాడు. చిన్నప్పుడు బెంచీ మీద పక్కన కూర్చున్న పిల్లల పేర్లు, చైనా అమ్మాయిల పేర్లు, పావురం, కుక్కపిల్ల, కుందేలు, ఆ వరసలోనే ఫ్రాన్సిస్ జామ్, రైనర్ మరియా రిల్కే. ఒకాయన ఫ్రెంచ్ కవి, ఒకాయన జర్మన్‌లో రాసిన కవి. ఇంకా తమాషా ఏంటంటే అదే ఏడాది కొన్ని నెలల ముందు బెక్ సాక్ అనే కవి అచ్చేసిన కవితలో కూడా జామ్, రిల్కే ఒకే వరసలో ఉన్నారు, మధ్యలో చైనా పాత కవి తావో యువాన్‌మింగ్. డాంగ్‌జుకి బెక్ సాక్ అంటే పిచ్చి, ఆయన పుస్తకం వేసిందే 100 కాపీలు, కొనడానికి దొరక్క మొత్తం చేత్తో ఎక్కించుకున్నాడు. ఆ బెక్ సాక్ తర్వాత ఉత్తర కొరియాలో ఉండిపోయాడు, దాంతో 1988 దాకా దక్షిణంలో ఆయన పుస్తకాలు చదవడమే నిషేధం. అంటే స్కూల్ పిల్లలు బట్టీ పట్టే కవి ఎవరిని చూసి నేర్చుకున్నాడో ఆయన్ని చదివే వీలు అప్పటి పిల్లలకి లేదు. ఇది తెలిసినప్పుడు లైబ్రరీలో కూర్చుని బిత్తరపోయా.

2024లో రచయిత్రి హాన్ కాంగ్ గారికి నోబెల్ వచ్చాక ఇక్కడ అందరి నోటా ఒకటే మాట, కొరియన్ సాహిత్యం ప్రపంచ సాహిత్యంలోకి వెళ్ళింది అని. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. తమ భాషలో రాయడమే కష్టమైపోయిన రోజుల్లో ఒక కుర్రాడు అద్దె గదిలో కూర్చుని రిల్కేని సొంతూరి పిల్లల పక్కన కూర్చోబెట్టాడు, ప్రపంచం అప్పటికే ఆ గదిలో ఉంది. జాతీయ కవి అన్న బోర్డు తగిలించి మిగతావన్నీ చెరిపేస్తే ఆయన చిన్నవాడైపోతాడు. ఆయన కొరియన్‌తనం గట్టిగా ఉన్నది భాషలో, తలుపులు మాత్రం అన్ని వైపులా తెరిచే పెట్టుకున్నాడు.

పేరు మార్చుకున్న సంగతి కూడా దాచకూడదు. జపాన్ వెళ్ళాలంటే జపనీస్ ఇంటిపేరుతో కాగితాలు కావాలి. 1942 జనవరి 29న కాలేజీలో హిరానుమా అని ఇంటిపేరు ఇచ్చాడు. అంతకి ఐదు రోజుల ముందు, 24న, తుప్పు పట్టిన కంచు అద్దంలో మొహం చూసుకునే కవిత రాశాడు. ఆ కాగితం అంచుల్లో ప్రయాణ పర్మిట్ అని, కవిత్వం అంటే ఏంటి అని పిచ్చి రాతలు గీసి ఉంటాయి. వీసా కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనలాంటోళ్ళకి ఆ అంచుల్లో రాతలు కవిత కన్నా ఎక్కువ గుచ్చుకుంటాయి, అయినా మనం వదులుకున్నది ఏమీ లేదు, ఆయన పేరే వదులుకున్నాడు, పోలిక అక్కడితో ఆపేస్తా.

మిగతా చిన్న చిన్నవి. బిల్డింగ్ పక్క మెట్లెక్కితే కేఫ్ ఉంది, కూర్చోడానికి బావుంటుంది. ఇంకాస్త పైకెళ్తే కవి కొండ, కవిత చెక్కిన రాయి, పాత కోట గోడ, కింద సియోల్ మొత్తం. గట్టిగా చూస్తే మ్యూజియం అరగంట, కొండతో కలిపి రెండు గంటలు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు మూడో గది చీకటి అని గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం స్కూల్ బస్సులు వస్తుంటాయి, పొద్దున్న తెరవగానే వెళ్తే ట్యాంక్‌లో మీరొక్కరే ఉండొచ్చు.

రేటింగ్ 5కి 4.5, ఆ అర మార్కు మొదటి గది ఇంకాస్త పెద్దగా ఉంటే అన్న ఆశకి. సెమిస్టర్ సెలవుల్లో గ్వాంగ్యాంగ్ వెళ్ళి కాగితాలు దాచిన ఆ ఇల్లు చూడాలని ఉంది, ఇంకా నిలబడే ఉంది, ప్రభుత్వం కాపాడుతోంది. సియోల్ నుంచి చాలా దూరం, దక్షిణాన సముద్రం ఒడ్డున. బుసాన్ వైపు ఉండే తెలుగోళ్ళు ఎవరైనా కలిసొస్తామంటే చెప్పండి, ట్రైన్ టికెట్లు ముందే చూడాలి.