నల్లగొండలో మా వీధి గాలిని కొలిచిన పరీక్షా సంస్థ: పనితీరుపై సమీక్ష

నల్లగొండలో మిర్యాలగూడ దారిని బజారుకు కలిపే మా వీధిని వెడల్పు చేసి, నడుమ డివైడర్ కట్టి, ఇరువైపులా మురుగుకాల్వలు నిర్మించే పని మంజూరైనప్పుడు, మా కాలనీ సంక్షేమ సంఘం, వీధిలోని దుకాణదారులు కలిసి చందాలు వేసుకొని, ఈ పని వల్ల గాలిలో వచ్చే మార్పును అధ్యయనం చేయడానికి హైదరాబాదులోని ఒక పర్యావరణ పరీక్షా సంస్థను నియమించుకున్నాం. ఆ అధ్యయనం పూర్తయి, నివేదిక చేతికి వచ్చిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి సేవ తీసుకోబోయే మరో కాలనీ వారికి పేరుకన్నా, పని అప్పగించేటప్పుడు ఏమి అడగాలో తెలియడమే ఎక్కువ ఉపయోగం. నా అభిప్రాయం ముందే చెబుతాను: గాలిని కొలిచే పనిని ఈ సంస్థ నిజాయితీగా, శ్రద్ధగా చేసింది, కొలిచిన దాని నుంచి తేల్చిన నిర్ణయం మాత్రం నమ్మదగినదిగా లేదు.

పట్టణ వీధి పనికి ఇటువంటి అధ్యయనం చట్టరీత్యా తప్పనిసరి కాదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ రహదారులలో ప్రధానంగా జాతీయ రహదారుల నిర్మాణానికి, వాటి భారీ విస్తరణకు ముందస్తు అనుమతి కోరుతుంది. ఊళ్లోని వీధి దాని పరిధిలోకి రాదు. అయినా మేము డబ్బు పెట్టడానికి కారణం ఉంది. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాదు, పటాన్‌చెరులతో పాటు నల్లగొండ కూడా ఉంది. అంటే ఇక్కడి గాలి జాతీయ ప్రమాణాలకు తూగడం లేదని అధికారికంగానే గుర్తించారు. అటువంటి ఊళ్లో నెలల తరబడి రోడ్డు తవ్వితే, ఆ దుమ్ము ఎంత, పని అయ్యాక మేలు ఎంత అన్నది తెలుసుకోవాలనుకోవడం అత్యాశ కాదు.

కొలతల పని దగ్గర నుంచి చూశాను కాబట్టి దాని గురించి కొంత వివరంగా రాస్తాను. పీఎం 10ను, అంటే గాలిలో 10 మైక్రాన్ల లోపు ఉండే సన్న ధూళిని (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కొలిచే యంత్రం చిన్న బీరువా అంత ఉంటుంది. నిమిషానికి ఒక ఘనమీటరుకు అటూ ఇటూగా గాలిని లోపలికి లాగి, ముతక ధూళిని కింది కప్పులో వదిలి, సన్న ధూళిని పైనున్న గాజునార వడపోత కాగితం మీద పట్టుకుంటుంది. నియమం ప్రకారం ఎనిమిది గంటలకొకసారి కాగితం మార్చాలి. ఈ సంస్థ పంపిన యువకుడు అర్ధరాత్రి మార్పిడిని కూడా ఎగ్గొట్టలేదు. పెట్టేటప్పుడు పాలలా తెల్లగా ఉన్న కాగితం తీసేటప్పుడు సిమెంటు గోడ రంగుకు మారేది. అంచున బిగింపు కింద ఉన్న సన్నని పట్టీ మాత్రం తెల్లగానే మిగిలేది. నేను దగ్గరికి వంగి చూడబోతే, “సార్, చేయి తగిలితే చెమట బరువు కూడా దుమ్ము లెక్కలో పడతది” అని చిమ్టాతో పట్టి మడిచి కవరులో పెట్టాడు. ప్రతి కాగితాన్నీ ముందూ వెనుకా ఒకే తేమ, ఒకే వేడి ఉన్న గదిలో ఒక రోజంతా ఉంచి తూచినట్లు నివేదికకు జతచేసిన తూకాల పట్టికలో ఉంది. గాలి లాగకుండా ఊరికే తీసుకువచ్చి తీసుకుపోయిన ఖాళీ కాగితాల తూకాలు కూడా అందులో చూపారు. యంత్రం గాలి లాగే వేగాన్ని సరిచూసిన ధ్రువపత్రం గడువులోనే ఉంది. ఈ మాత్రం జాగ్రత్త లేని నివేదికలు ఎన్నో తిరుగుతున్న కాలంలో, ఇది తప్పక మెచ్చుకోవలసిన పని.

అంతకన్నా నాకు నచ్చినది రోడ్డు మీది సన్న మట్టిని కొలిచిన తీరు. తెల్లవారకముందే, బండ్లు తిరగని వేళ, రోడ్డుకు అడ్డంగా తాళ్లు కట్టి, కొలిచిన మేర గీతలు గీసి, ఆ మేరలోని దుమ్మునంతా మెత్తని బ్రష్షుతో ఊడ్చి సంచుల్లోకి ఎత్తారు. ప్రయోగశాలలో దాన్ని ఆరబెట్టి, 75 మైక్రాన్ల జల్లెడ పట్టారు. ఆ జల్లెడ దాటి కిందికి దిగే పొడే బండి చక్రాలకు లేచి మన ముక్కుదాకా వచ్చేది. అమెరికా పర్యావరణ సంస్థ వాడే సూత్రం ప్రకారం, ఒక్కో బండి ఒక్కో కిలోమీటరుకు లేపే దుమ్ము ఈ పొడి మోతాదును బట్టి, బండ్ల సగటు బరువును బట్టి పెరుగుతుంది. సగటు బరువు రెట్టింపైతే దుమ్మూ దాదాపు రెట్టింపవుతుంది. వానాకాలం పంట కోతలయ్యాక మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు మా వీధిలో ఎందుకంత దుమ్ము లేపుతాయో ఈ ఒక్క పేజీ చదివితే అర్థమవుతుంది.

వీళ్లు రోడ్డు నడుమ, అంచున, ఆ పైన తారు అంచుకూ కాల్వ గోడకూ మధ్య మిగిలిన మొరం పట్టీ మీద, మూడు చోట్ల వేర్వేరుగా నమూనాలు తీశారు. కొత్తగా వేసిన తారు నడుమ భాగంలో పొడి నామమాత్రంగా ఉంది. అంచుకు వచ్చేసరికి అది ఎన్నో రెట్లు పెరిగింది. మొరం పట్టీ మీద ఆటోలు ఆపడం, మళ్లీ తారు మీదికి ఎక్కించడం వల్ల చక్రాలతో పాటు మట్టి కూడా రోడ్డెక్కుతోందని ఆ పట్టిక స్పష్టంగా చూపుతుంది. రోడ్డు ఎంత వెడల్పుగా, ఎంత నున్నగా వేసినా ఆ పట్టీని రాళ్లతోనో పలకలతోనో కప్పకపోతే దుమ్ము తగ్గదు. మొత్తం నివేదికలో ఆచరణకు పనికివచ్చే మాట ఇదే. దాన్ని అనుబంధంలో, ఎవరూ తిప్పని చివరి పేజీలలో పెట్టడం నాకు బాధ కలిగించింది.

ఇక లోపాలలో మొదటిది, అన్నింటికన్నా పెద్దది, కాలం ఎంపిక. పనికి ముందు కొలతలు డిసెంబరులో తీశారు. పని పూర్తయ్యాక కొలతలు ఆగస్టులో తీశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, పీఎం 10 గణనీయంగా తగ్గింది కాబట్టి వీధి అభివృద్ధి వల్ల గాలి బాగుపడిందని తేల్చారు. డిసెంబరులో రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడి, చల్లగాలి కిందనే పేరుకొని, పొగా దుమ్మూ పైకి పోలేక ఇళ్ల ఎత్తులోనే నిలుస్తాయి. పైగా అది వడ్ల లారీల కాలం. ఆగస్టులో వాన గాలిని కడుగుతుంది, తడిసిన మట్టి లేవదు. ఈ తేడాలో రోడ్డు వాటా ఎంతో, వాన వాటా ఎంతో ఈ పట్టిక చూసి ఎవరూ చెప్పలేరు. పని జరగకపోయినా ఆగస్టులో దుమ్ము తగ్గే ఉండేది.

దీనికి తోడు యంత్రం పెట్టిన చోటు. మా వీధి ఆ భాగంలో ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. యంత్రాన్ని రెండుసార్లూ పడమటి వైపున్న ఒకే మేడ మీద పెట్టారు. చోటు మార్చకపోవడం మంచిదే. అయితే వానాకాలంలో మనకు గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి వీధి దుమ్ము యంత్రానికి దూరంగా, తూర్పు ఇళ్ల మీదికి పోతుంది. చలికాలంలో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది కాబట్టి అదే దుమ్ము నేరుగా యంత్రం మీదికి వస్తుంది. అంటే వాన చేసిన మేలుకు గాలి దిక్కు చేసిన మేలు కూడా కలిసి, అంతా రోడ్డు ఖాతాలో పడింది. ఆ మేడ మూడంతస్తులది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు గాలి లాగే మూతి నేల నుంచి 3 మీటర్లకూ 10 మీటర్లకూ మధ్య ఉండాలంటాయి. యంత్రం ఎత్తు కూడా కలిపితే ఇక్కడ అది పైహద్దును తాకుతోంది. ఊరి గాలిని కొలవడానికి అది సరిపోవచ్చు గానీ, కింద కూరగాయలు అమ్ముకొనే ఆడవాళ్లు పీల్చే గాలిని అది చెప్పదు.

వీధికి రెండు వైపులా చెరొక యంత్రం పెట్టి ఉంటే, గాలి వచ్చే వైపు కొలతను గాలి పోయే వైపు కొలత నుంచి తీసివేసినప్పుడు మిగిలేది వీధి వాటా అయ్యేది. అదే రోజుల్లో వీధికి దూరంగా, ఉదాహరణకు పానగల్లు వైపు ఉదయసముద్రం దగ్గర, మరొకటి పెట్టి ఉంటే, అక్కడా అంతే తగ్గిందా లేదా చూసి వాన వాటాను వేరు చేయగలిగేవారు. ఇవేవీ ఖరీదైన కొత్త విద్యలు కావు. ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలిసినవే.

రెండో లోపం లెక్కల మోడల్. భవిష్యత్తులో బండ్ల పొగ ఎంత ఉంటుందో అంచనా వేయడానికి కాలిఫోర్నియా రవాణా శాఖ 1984లో రూపొందించిన కాలైన్ 4 అనే గణిత మోడల్‌ను వాడారు. వాడడం తప్పు కాదు. ఈ దేశంలో ఎందరో వాడుతున్నారు. కానీ అది బయలు ప్రదేశంలోని రహదారికి బాగా నప్పుతుంది. రెండు వైపులా మేడలు లేచి, గాలి లోపలే సుడి తిరిగే బజారు వీధికి దాన్ని వాడినప్పుడు ఫలితాన్ని ఎంత జాగ్రత్తగా చూడాలో ఒక్క వాక్యమైనా రాయాలి. గాలి వేగం, దిక్కు సమాచారాన్ని హైదరాబాదు విమానాశ్రయం నుంచి తీసుకున్నారు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ మండలాలలో నెలకొల్పిన స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఉండగా అంత దూరం పోవలసిన అవసరం లేదు.

ఆ లెక్కలోకి పొగగొట్టం నుంచి వచ్చేది మాత్రమే ఎక్కింది. చక్రాల కింద నుంచి లేచే దుమ్ము ఎక్కలేదు. అదే సంస్థ అంత శ్రమపడి ఊడ్చి, జల్లెడ పట్టి తెచ్చిన పొడి లెక్క అనుబంధంలోనే ఉండిపోయింది! 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే కఠినమైన పొగ ప్రమాణానికి తూగే బండ్లు మాత్రమే అమ్ముడవుతున్నందున గొట్టపు పొగ ఏటేటా తగ్గుతుందని రాశారు, అది నిజమే. దుమ్ముకు మాత్రం బీఎస్ 6 వర్తించదు. వీధి బాగుపడితే ఇంతకాలం ఇటు రాని లారీలు కూడా ఇటు మళ్లుతాయన్న ఆలోచన కూడా లెక్కలో లేదు. పాత బండ్ల సంఖ్యకే ఏటా కొంత కలుపుకుంటూ పోయారు.

పని జరుగుతున్న కాలం గురించి నివేదిక చాలా పలుచగా ఉంది. 2018 జనవరి 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ధూళి ప్రమాణం దాటిన పట్టణాలలో నిర్మాణ పనులకు కొన్ని నిబంధనలు పెట్టింది: ఇసుక, మట్టి కుప్పలను కప్పి ఉంచాలి, నీళ్లు చల్లాలి, రాళ్ల వంటి నిర్మాణ సామగ్రిని ఆరుబయట కోయరాదు. నివేదిక వీటిని వరుసగా ఉదహరించింది గానీ, తవ్విన రోజుల్లో వాటిలో ఏది అమలైందో, ట్యాంకర్ వచ్చిన రోజుకూ రాని రోజుకూ కొలతలో తేడా ఎంతో రాయలేదు.

మా సంఘం స్వయంగా కొని ఒక మందుల దుకాణం ముందు పెట్టిన చిన్న లేజర్ పరికరం గురించి కూడా సంస్థ వారిని అడిగాం. అటువంటివి కాంతి చెదరడాన్ని బట్టి సన్న కణాలను లెక్కిస్తాయనీ, ముతక దుమ్మును సరిగా పట్టలేవనీ, తేమ ఎక్కువైన రోజు ఎక్కువ చూపుతాయనీ ఓపికగా వివరించారు. అది సరైన మాటే. అయితే నిమిషం నిమిషం మార్పును చూపగలిగేది అదే. ఎనిమిది గంటల కాగితం మీద కలిసిపోయే విషయాలు, ఉదయం బడి బస్సుల రద్దీ, పొడి చీపుర్లతో ఊడ్చే వేళ, దాని గ్రాఫులో విడివిడిగా కనిపించాయి. ఆ సమాచారాన్ని ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకపోవడం నాకు సరిగా అనిపించలేదు.

ప్రమాణాల విషయంలో ఒక్క మాట. నివేదిక కొలతలన్నింటినీ 2009 నాటి జాతీయ ప్రమాణాలతోనే పోల్చింది: పీఎం 10కు ఘనమీటరుకు 24 గంటల సగటు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 60, ఇంకా సన్నని, 2.5 మైక్రాన్ల లోపు ధూళి అయిన పీఎం 2.5కు వరుసగా 60, 40. చట్టబద్ధంగా అదే కొలబద్ద. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 ఏడాది సగటును 5కు దించింది. పక్కన అది కూడా చూపి ఉంటే, “పరిమితికి లోబడి ఉంది” అన్న మాటను చదివేవారు మరికాస్త జాగ్రత్తగా చదివేవారు. ఏడాది సగటు చెప్పాలంటే వారానికి రెండుసార్ల చొప్పున ఏడాదికి 104 కొలతలు కావాలన్నది కూడా జాతీయ నియమమే. కొద్ది రోజుల కొలతలను వార్షిక ప్రమాణం పక్కన పెట్టిన గడిని తీసివేయమని మేము కోరాం, వెంటనే తీసివేశారు.

మాట్లాడే తీరులో ఈ సంస్థ మర్యాదగా ఉంది. మా అభ్యంతరాలను రాసి పంపితే, నల్లగొండ గాలి సమాచారంతో లెక్కను మళ్లీ చేసి, అదనపు రుసుము లేకుండా సవరించిన నివేదిక ఇచ్చారు. డిసెంబరు, ఆగస్టు పోలికను మాత్రం వెనక్కి తీసుకోలేదు; కింద చిన్న వివరణ చేర్చి సరిపెట్టారు. రుసుము ఒక్కో నమూనాకు ఇంత చొప్పున ఉంటుంది కాబట్టి, ఖర్చుకు వెనకాడి నమూనాలు తగ్గించుకున్న బాధ్యత మా సంఘానిదీ కొంత ఉంది. కానీ తగ్గించిన నమూనాలతో ఏది తేల్చగలం, ఏది తేల్చలేం అన్నది మొదటి రోజే చెప్పవలసింది నిపుణులే.

మహబూబ్‌నగర్‌లోనో మరోచోటో రోడ్డు పని రాబోతున్న కాలనీ వారు ఇటువంటి సంస్థను పిలిస్తే, పని ఒప్పంద పత్రంలోనే ఈ మాటలు రాయించుకోవాలని నా మనవి: ముందూ తరువాతా కొలతలు ఒకే నెలలో ఉండాలి, వీధికి రెండు వైపులా, మనిషి ఊపిరి తీసే ఎత్తుకు వీలైనంత దగ్గరగా యంత్రాలు ఉండాలి, దూరంగా ఒక పోలిక కేంద్రం ఉండాలి, రోడ్డు పొడి లెక్క ముఖ్య నివేదికలోనే ఉండాలి. మేము ఇదే సంస్థను వచ్చే డిసెంబరులో మళ్లీ పిలుస్తున్నాం, ఎందుకంటే వాళ్ల కొలత మీద మాకు నమ్మకం ఉంది. ఈసారి ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఎత్తులో కొలవాలో మేమే రాసి ఇచ్చాం, వాళ్లు ఒప్పుకొని సంతకం చేశారు. మొరం పట్టీ మీద పలకలు పరచాలన్న వినతిపత్రానికి అనుబంధంలోని ఆ జల్లెడ పట్టికను జతచేసి పంపాం.