మణికట్లకు వేసుకున్న బ్యాండు గెలిచింది, తలుపుకు కట్టింది ఓడింది

భుజం నొప్పి అన్నవాళ్లందరికీ రెసిస్టెన్స్ బ్యాండ్ (వ్యాయామానికి వాడే సాగే రబ్బరు పట్టీ) కొనమని చెబుతూ వచ్చాను. ఇప్పటికీ చెబుతాను, కాకపోతే ముఖ్యంగా వాల్ స్లైడ్, అంటే ముంజేతులను గోడ మీద పైకి జార్చే వ్యాయామం కోసం. రంగులు, సైజుల సంగతి ప్యాకెట్ మీదే ఉంటుంది.

చెయ్యి పక్క నుంచి ఎత్తుతుంటే సగం దారిలో కలుక్కుమనేది. అది దాటితే మళ్లీ మామూలే. చొక్కా తొడుక్కోవాలన్నా టెన్షన్. ఒకరోజు ఫిజియో లూప్ బ్యాండును (గుండ్రంగా ఉండే బ్యాండు) రెండు మణికట్లకూ వేసి, ముంజేతులు గోడకు ఆనించి పైకి జార్చమన్నారు. ‘‘బ్యాండు వదులు కాకూడదు, గోడను నెడుతూనే ఉండండి, భుజాలు చెవుల దాకా రానివ్వకండి’’ అన్నారు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంది. నాలుగోసారికే చంక కింద, పక్కటెముకల మీద మంట మొదలైంది. అక్కడ ఒక కండరం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. సెరటస్ యాంటీరియర్ అట. చెయ్యి నిటారుగా లేవడానికి కావాల్సిన 180 డిగ్రీల్లో సుమారు 60 రెక్క ఎముక తిరగడం వల్లే వస్తాయి. దాన్ని తిప్పే ముఖ్యమైన కండరాల్లో ఇదొకటి. సెట్ అయ్యాక చెయ్యెత్తి చూస్తే ఆ కలుక్కు సగానికి సగం తగ్గింది! మర్నాటికి మళ్లీ వచ్చిందనుకోండి. ఆ తగ్గడం నిలబడటానికి వారాలు పట్టింది.

బ్యాండును తలుపుకు కట్టి, మోచెయ్యి ఒంటికి ఆనించి బయటికి లాగే వ్యాయామాన్ని మాత్రం ఇప్పుడు అంతగా మెచ్చుకోను. బ్యాండు సాగేకొద్దీ బిగుస్తుంది. చెయ్యి బయటికి వెళ్లేకొద్దీ లాగే కండరం కురచై బలం తగ్గుతుంది. మనం నీరసపడే చోటే అది మొండికేస్తుందన్నమాట. అప్పుడు భుజం ముందుకు పొడుచుకొస్తుంది, నడుము తిరిగిపోతుంది, రెప్ (ఒకసారి చేసినట్టు) మాత్రం లెక్కలో పడుతుంది. దీనికి బదులు పక్కకు పడుకుని, మోచేతి కింద మడత టవల్ పెట్టుకుని చిన్న డంబెల్‌తో చేస్తున్నాను. ముంజెయ్యి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడే బరువు ఎక్కువ, అది దాటి పైకి వెళితే తేలికవుతుంది.

రబ్బరు లేటెక్స్ అయితే ఎండలో వదలకండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే పారేయండి. తెగితే మొహం మీదికే వస్తుంది.

నాది రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే భుజం. కీలు తప్పిన చరిత్ర ఉన్నవాళ్లకీ, ఫ్రోజెన్ షోల్డర్‌తో చెయ్యే లేవనివాళ్లకీ ఇదే వరస పనికొస్తుందని చెప్పలేను. వాళ్లు ముందు చూపించుకోవాలి. నాకైతే కొన్న బ్యాండ్ల సెట్‌లో అన్నిటికన్నా పలుచని బ్యాండే సరిపోయింది, గట్టివి కొన్నప్పటిలాగే ఉన్నాయి.