ఏబీఎస్ చదివే స్కానర్: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసేది ఏబీఎస్. దాని పసుపు రంగు లైటు వెలిగి ఆరకపోతే, చాలా షెడ్లలో ముందు వినిపించే మాట "మాడ్యులేటర్ పోయిందండీ" అని. బ్రేకు ఆయిల్ పైపులన్నీ వచ్చి కలిసే ఆ పంపు యూనిట్ కొత్తది వేయాలంటే వేలకు వేలు వదులుతాయి. చాలా బండ్లలో అసలు లోపం మాత్రం చక్రం దగ్గరే ఉంటుంది. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ కొనదగ్గదా కాదా అన్నది, ఆ తేడా అది పట్టిస్తుందా లేదా అన్నదాన్ని బట్టే చెప్పాలి.

వెయ్యి రూపాయల లోపు దొరికే ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. దాంతో వాడే ఉచిత యాప్‌లు దాదాపుగా ఇంజన్ కంప్యూటర్‌నే పలకరిస్తాయి. 'పి'తో మొదలయ్యే కోడ్‌లు లేకపోతే లోపమేమీ లేదని చెప్పేస్తాయి, ఎదురుగా ఏబీఎస్ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏబీఎస్ కోడ్‌లు 'సి'తో మొదలవుతాయి. వాటికి మీ కంపెనీ ఏబీఎస్ మాడ్యూల్‌ని చదవగల స్కానరో, డబ్బు కట్టి తీసుకునే యాపో కావాలి. కొనేటప్పుడు "ఏబీఎస్ వస్తుందా" అని అడిగితే అందరూ వస్తుందనే అంటారు. "నా మోడల్‌లో, నా సంవత్సరం బండిలో ఏబీఎస్ లైవ్ డేటా వస్తుందా" అని అడగండి.

లైవ్ డేటా అంటే బండి నడుస్తుండగా సెన్సర్లు పంపే అంకెలు. దాన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కోడ్ చెప్పేది సర్క్యూట్ పేరు మాత్రమే. సీ0035 అంటే చాలా బండ్లలో ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. అందులో సెన్సరూ, వైరూ, కనెక్టరూ అన్నీ వస్తాయి. కోడ్ చూసి నేరుగా సెన్సర్ కొనేస్తే డబ్బు వృథా కావచ్చు. నాలుగు చక్రాల వేగాలూ ఒకే స్క్రీన్ మీద పెట్టి, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద గంటకు 20–30 కి.మీ. వేగంతో వెళ్లండి, స్క్రీన్ చూసే పని పక్క సీట్లోవాళ్లకు అప్పగించండి. ఒక చక్రం ఎప్పుడూ సున్నా చూపిస్తే వైరు తెగిందనో, సెన్సర్ చచ్చిందనో అనుమానించాలి. చక్రం తిరిగిన ప్రతిసారీ అంకె ఒక్కసారి పడి లేస్తుంటే, చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కి సిగ్నల్ పుట్టించే పళ్ల రింగు పగిలి ఉంటుంది. బాగా నెమ్మదించినప్పుడు మాత్రమే పడిపోతే సిగ్నల్ బలహీనంగా ఉందన్నమాట: మురికో, తుప్పో, సెన్సర్‌కీ రింగుకీ మధ్య సందు పెరగడమో. ఆగబోయే ముందు పొడి రోడ్డు మీద కూడా పెడల్ గడగడలాడడం చాలావరకు దీనివల్లే. వేగం పెరిగినా ఒక చక్రం మిగతావాటికంటే ఎప్పుడూ కొంచెం తేడాగా ఉంటే టైరు సైజు, గాలి చూడండి.

ఇక చక్రం విప్పాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండు పెట్టండి. సెన్సర్ సాధారణంగా ఒక్క బోల్టుతో ఉంటుంది, చాలావాటికి 10 నంబరు పానా సరిపోతుంది. తుప్పులో ఇరుక్కున్న సెన్సర్‌ని వైరు పట్టుకుని లాగితే విరుగుతుంది. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, కాసేపు నాననిచ్చి, అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. ఆ ఆయిల్ డిస్కు మీద, ప్యాడ్ల మీద పడకూడదు. అయస్కాంతం ఉన్న సెన్సర్ అయితే దాని మొన మీద ఇనుప రజను నల్లటి మీసాల్లా నిలబడి కనిపిస్తుంది. గుడ్డతో తుడిచి, సెన్సర్ కూర్చునే చోట తుప్పు గీకి బిగిస్తే కొన్నిసార్లు అక్కడితో పని అయిపోతుంది. కనెక్టర్ విప్పి చూడండి, పిన్నుల మీద పచ్చని చిలుము ఉంటే అదే దొంగ. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగే చోట వైరు పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిపోతుంది, కాబట్టి లైవ్ డేటా చూస్తూ ఆ వైరుని కదిపి చూడాలి. ఎలుకలు కొరికిన బండ్లూ తక్కువేం కాదు.

మల్టీమీటర్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. పాత రకం కాయిల్ సెన్సర్లకు ఓమ్‌లు చూడొచ్చు. సాధారణంగా వెయ్యికి అటూ ఇటూ వస్తాయి, అవతలి చక్రం సెన్సర్‌తో పోల్చి చూస్తే సరిపోతుంది. కొత్త బండ్లలోని యాక్టివ్ సెన్సర్లకు (బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసేవి) ఓమ్‌లు చూడొద్దు, దాంతో ఏమీ తేలదు, సెన్సర్ పాడయ్యే ప్రమాదమూ ఉంది. వాటికి ఇగ్నిషన్ ఆన్ చేసి కనెక్టర్ దగ్గర వోల్టేజ్ వస్తుందో లేదో చూడాలి. ఈ రకంలో చాలావాటికి అయస్కాంత రింగు బేరింగ్ సీలులోనే ఉంటుంది. బేరింగ్ మార్చిన వెంటనే లైటు వచ్చిందంటే దాన్ని తిరగేసి ఎక్కించారేమో ముందు చూడండి.

కోడ్‌లు గుత్తులు గుత్తులుగా వస్తే చక్రాల జోలికి వెళ్లకముందే బ్యాటరీ చూడాలి. బండి ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే దాదాపు 14 ఉండాలి. పంపు మోటారుకీ వాల్వులకీ వేర్వేరు పెద్ద ఫ్యూజులుంటాయి, ఎర్త్ బోల్టు వదులవడమూ మామూలే. ఇవన్నీ బాగుండి, స్కానర్‌తో పంపుని తిప్పించినా తిరగకపోతే అప్పుడు మాడ్యులేటర్ మాట నమ్మొచ్చు. అప్పుడైనా యూనిట్ మొత్తం మార్చేముందు దాని ఎలక్ట్రానిక్ బోర్డు ఒక్కటీ బాగుచేసేవాళ్లున్నారేమో కనుక్కోండి.

ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, గట్టిగా తొక్కితే మాత్రం, ముఖ్యంగా వానలో, చక్రాలు లాక్ కావచ్చు. ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైతే ఆయిల్ మట్టం తగ్గి ఉండొచ్చు, లేదా వెనక చక్రాల బ్రేకుని అదుపు చేసే ఈబీడీ కూడా ఆగి ఉండొచ్చు. అప్పుడు బండి నడపొద్దు.

స్కానర్ కొనేముందు ఇంకొకటి చూడండి: ఏబీఎస్ బ్లీడింగ్ (బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి తీయడం) సౌకర్యం. పంపు యూనిట్‌లోకి గాలి చేరితే మామూలు బ్లీడింగ్‌తో పూర్తిగా పోకపోవచ్చు, వాల్వులు తెరిపించే ఈ పని చవక స్కానర్లలో చాలావాటికి రాదు. ఇక రిపేరు చేసి కోడ్ చెరిపాక కూడా లైటు వెంటనే ఆరకపోతే కంగారు పడొద్దు. కొన్ని బండ్లు కాస్త దూరం నడిచి, నాలుగు చక్రాల సిగ్నలూ సరిచూసుకున్నాకే ఆర్పుతాయి.