వెండి కాయిల్ ఉన్న ల్యాబ్‌కే పంపండి మీ రాగి స్ఫటికాలు

ఎన్‌ఎమ్‌ఆర్ (అయస్కాంతంలో పెట్టిన పదార్థంలోని కేంద్రకాల రేడియో సిగ్నల్ పట్టే పరీక్ష) సర్వీస్ కోసం రెండు ల్యాబ్‌లు తిరిగాను, రెండోదాని గురించే ఈ రివ్యూ. కానీ మొదటి చోట ఏం జరిగిందో చెప్పకపోతే దీని విలువ అర్థం కాదు.

మా శాంపిల్ వైబీసీఓ (యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్), 93 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ (నిరోధం లేకుండా కరెంటు పారించేది) అయ్యే ఆ పాత నల్ల రాయే, కాపర్ ఆక్సైడ్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. రాగి కేంద్రకం పూర్తి గుండ్రం కాదు, అందుకే చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం ఏ దిక్కున ఎలా ఉందో దానికి తెలిసిపోతుంది, రాయిని అయస్కాంతంలో కొంచెం తిప్పితే చాలు, సిగ్నల్ పక్కకు జరుగుతుంది. 7 టెస్లాలో సిగ్నల్ గ్రాఫ్‌లోని మధ్య గీత ఒక్కటే కొన్ని మెగాహెర్ట్జ్ అటూ ఇటూ పోవాలి. మొదటి ల్యాబ్‌లో ఎంత తిప్పినా అంగుళం కదలని గీత ఒకటి వచ్చింది, ఏదో కొత్తది దొరికిందని వారం రోజులు నిద్ర లేదు నాకు. తీరా చూస్తే అది సిగ్నల్ పట్టే వాళ్ల కాయిల్‌లోని రాగి! రాగిని కొలవడానికి రాగి తీగ చుట్టిన ప్రోబ్ పెట్టారు, మేమూ అడగలేదు, డబ్బులూ పోయాయి.

ఈ ల్యాబ్‌లో ఆపరేటర్ గారు మొదటి ఫోన్‌లోనే "రాగా? అయితే వెండి కాయిల్ పెడతానండీ" అన్నారు, అక్కడే సగం టెన్షన్ పోయింది. రాయి పెట్టాక ముందు అయస్కాంతం లేకుండా ఎన్‌క్యూఆర్ (చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం వల్లే వచ్చే సిగ్నల్) చూశారు, పొరల్లోని రాగి 31.5 మెగాహెర్ట్జ్ దగ్గర, పొరల మధ్య గొలుసుల్లా ఉండే రాగి 22 దగ్గర, రెండూ సన్నగా వచ్చాయి, అంటే ఆక్సిజన్ సరిగ్గా నిండిందన్నమాట. ఆ తర్వాతే అయస్కాంతం. 100 కెల్విన్ దగ్గర పొరల రాగి షిఫ్ట్ (సిగ్నల్ మామూలు చోటు నుంచి జరిగినంత) అయస్కాంత క్షేత్రం సి అక్షం వైపు, అంటే పొరలకు నిలువుగా, ఉంటే 1.27 శాతం, పొర వెంట 0.59 కి దగ్గరగా వచ్చింది, అందరికీ తెలిసిన అంకెలే, కానీ మన రాయిలో చూసుకుంటే ఆ తృప్తి వేరు. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి "కాయిల్ ట్యూనింగ్ జారిందండీ, మీ రాయి సూపర్‌కండక్టర్ అయినట్టుంది" అని నవ్వారు, ఇంకొకరైతే పొద్దున ఫెయిల్ అని మెయిల్ పెట్టేవారు.

లోటు లేకపోలేదు. స్లాట్‌కి రెండు నెలలు ఆగాలి. తిప్పే గోనియోమీటర్ గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది, చల్లబరిచాక కోణం మార్చాలంటే బయటికి తీసి మళ్లీ అతికించాలి, ఆ అతికించడంలో రెండు మూడు డిగ్రీలు పక్కకు పోతే గీత ఎక్కడికో పోతుంది. ఫైళ్లలో కోణం రాయరు, మీరే పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకోండి. 5 కి 4 ఇస్తాను.

పొడి మాత్రమే ఉన్నవాళ్లు ఎపాక్సీ జిగురులో కలిపి అయస్కాంతంలో గట్టిపడనిస్తే రేణువుల సి అక్షాలు ఒకే వైపు నిలబడతాయి. ఆ పని ఇక్కడ చేయరు, ముందే చేసుకుని తీసుకెళ్లాలి.