పీటీటీకి క్యాట్ కమాండా, ఆర్‌టీఎస్ లైనా?

హనుమకొండలో ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) మొదలుపెట్టే హామ్‌లకు (అమెచ్యూర్ రేడియో వాళ్లకు) తరచూ ఎదురయ్యే చిక్కు: రిసీవ్ బాగుంటుంది, ట్రాన్స్‌మిట్ మాత్రం కాదు. రేడియోను ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే స్విచ్చే పీటీటీ; కంప్యూటర్ దాన్ని నొక్కడానికి రెండు దారులు: క్యాట్, ఆర్‌టీఎస్.

క్యాట్‌లో కంప్యూటర్ ఆదేశాన్ని సీరియల్ డేటాగా పంపుతుంది. బాడ్ రేటు (డేటా వేగం) రెండువైపులా ఒకటే ఉండాలి. రేడియో మెనూలో 38400, ఎఫ్‌టీ8 సాఫ్ట్‌వేర్‌లో 9600 పెడితే అందులోని టెస్ట్ క్యాట్ బటన్ పచ్చగా మారదు. ఆ పోర్టును లాగింగ్ ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చున్నా అంతే. కుదిరిందంటే మాత్రం ఫ్రీక్వెన్సీ కూడా మౌస్‌తోనే మార్చుకోవచ్చు. నా ఓటు దీనికే.

ఆర్‌టీఎస్ అంటే సీరియల్ పోర్టులోని ఒక కంట్రోల్ లైన్, దీనికి డేటా గొడవ లేదు. లైన్ ఆన్ అయితే ట్రాన్సిస్టర్ పీటీటీని గ్రౌండ్ చేస్తుంది. తప్పెక్కడో మల్టీమీటరే చెబుతుంది, పాత సెట్లకు ఇదే దిక్కు. కాకపోతే కరెంటు పోయొచ్చి కంప్యూటర్ ఆన్ అవుతుంటే రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లొచ్చు.

పవర్ పెంచినప్పుడే రేడియో ట్రాన్స్‌మిట్‌లో ఇరుక్కుపోతోందా? అది సెట్టింగుల తప్పు కాకపోవచ్చు. యూఎస్‌బీ కేబుల్లోకి ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) దూరుతుంటుంది, ముందు కేబుల్‌కు ఫెర్రైట్ (దాన్ని అడ్డుకునే అయస్కాంత పదార్థపు దిమ్మ) తగిలించి చూడండి.