జాగ్రత్త: యూరప్ టూర్ ఆఖరి రాత్రులకు పారిస్‌లో గది, టికెట్ కొనే ముందు ఇవి చూసుకోండి

మూడు నాలుగు వారాలు యూరప్ తిరిగి పారిస్‌లో ఇంటి విమానం ఎక్కేవాళ్లు ఎక్కువగా మోసపోయేది, నష్టపోయేది ఆఖరి రెండు మూడు రాత్రుల దగ్గరే. యాత్ర మధ్యలో గది బాగాలేకపోతే మర్నాడు మారిపోవచ్చు. రైలు తప్పితే ఇంకో రైలు ఎక్కవచ్చు. చివర్లో ఆ వెసులుబాటు ఉండదు. విమానం తేదీ, వీసా రోజులు, ముందే యూరోలు నింపుకున్న ఫారెక్స్ కార్డులో బ్యాలెన్స్ మూడూ ఒకేసారి అంచుకు వస్తాయి. అందుకే అన్నిటికంటే ముందు ఈ ఆఖరి రాత్రులే ఖాయం చేసుకోండి. చాలామంది అన్నిటికంటే చివర్న, అలసిపోయి, ఫోన్‌లో చౌకగా కనపడిన దాన్ని నొక్కేసి కొంటున్నారు.

మొదటి ఉచ్చు 'పారిస్ ఎయిర్‌పోర్ట్ హోటల్' అనే పేరు. పారిస్ పేరుతో టికెట్లు అమ్మే విమానాశ్రయాలు మూడు. షార్ల్ ద గోల్ నగరానికి ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్లు. ఓర్లీ దక్షిణాన 13 కిలోమీటర్ల దూరంలో ఉంది. బోవే అయితే ఉత్తరాన 80 కిలోమీటర్లు దాటి ఉంటుంది, బస్సులోనే గంటంపావు పడుతుంది. కొన్ని చౌక విమానాలు దిగేది ఈ బోవేలోనే. మీ టికెట్ మీద మూడక్షరాల కోడ్ చూడండి: సీడీజీ, ఓఆర్‌వై, బీవీఏ. హోటల్ పేరులో 'ఎయిర్‌పోర్ట్' అని ఉన్నంత మాత్రాన అది మీ ఎయిర్‌పోర్ట్ పక్కన ఉన్నట్టు కాదు.

షార్ల్ ద గోల్ పేరు పెట్టుకున్న హోటళ్లలో కూడా నిజంగా టెర్మినల్‌కు నడిచి వెళ్లగలిగేవి కొద్దే. రెండో టెర్మినల్ పైన, రోయసీపోల్ స్టేషన్ చుట్టూ ఉన్నవే ఆ కోవలోకి వస్తాయి. మిగతావి రోయసీ-ఆన్-ఫ్రాన్స్ ఊళ్లోనో, రన్‌వేలకు అవతల మెనిల్-అమెలోలోనో, ఇంకా దూరంగా గోనెస్, విల్‌పాంత్ వైపో ఉంటాయి. వెబ్‌సైట్‌లో 'ఎయిర్‌పోర్ట్‌కు 3 కి.మీ.' అని రాసేది మ్యాపు మీద గీత గీసి కొలిచిన దూరం. మధ్యలో రన్‌వే, హైవే ఉంటాయి. పెట్టెలతో నడవడం జరిగే పని కాదు. హోటల్ నడిపే బస్సు కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల తలకింత చొప్పున తీసుకుంటారు. తెల్లవారుజామున ఆ బస్సు ఉండకపోవచ్చు కూడా. డబ్బు కట్టే ముందు హోటల్‌కు మెయిల్ రాసి మూడు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: మొదటి బస్సు ఎన్నింటికి, ఏ టెర్మినల్ దగ్గర ఆగుతుంది, మనిషికి ఎంత. జవాబు రాకపోతే ఆ గది వదిలేయండి.

అసలు ఎయిర్‌పోర్ట్ దగ్గర గది మీకు అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. విమానం ఉదయం తొమ్మిదిలోపు అయితే అవసరమే. మూడు గంటల ముందు చేరాలంటే ఆరింటికల్లా అక్కడ ఉండాలి, నగరం నుంచి షార్ల్ ద గోల్‌కు వెళ్లే ఆర్‌ఈఆర్ బి అనే శివారు రైళ్లు మొదలయ్యేదే దాదాపు ఐదింటికి. దోహా, దుబాయ్ మీదుగా హైదరాబాద్ వచ్చే విమానం మధ్యాహ్నమో రాత్రో అయితే మాత్రం ఎయిర్‌పోర్ట్ గది శుద్ధ దండగ. ఆ రాత్రి కూడా నగరంలోనే, ఆర్‌ఈఆర్ బి లైన్ మీద ఉన్న స్టేషన్‌కు దగ్గర్లో గది తీసుకోండి. డాంఫేర్-రోష్‌రో చుట్టుపక్కల ప్రశాంతంగా ఉంటుంది. గార్ ద్యు నోర్ దగ్గరైతే ప్రయాణం తక్కువ, పక్కనే లా షాపెల్‌లో తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె దొరుకుతాయి. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లకు చివరి రోజుల్లో అదెంత ఊరటో చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ స్టేషన్‌లో జేబుదొంగలు ఎక్కువ.

ఆర్‌ఈఆర్ బి గురించి ఇంకో మాట. ఉత్తరం వైపు వెళ్లే రైళ్లు ఓల్నే-సు-బువా దగ్గర రెండు దారులుగా చీలతాయి. ఒకటి ఎయిర్‌పోర్ట్‌కు, ఇంకొకటి మిత్రీ-క్లేకు. ప్లాట్‌ఫాం మీద బోర్డు చూడకుండా వచ్చిన రైలు ఎక్కితే మిత్రీలో తేలతారు. ఎయిర్‌పోర్ట్‌లో స్టేషన్లు రెండు: ఒకటి, మూడు టెర్మినళ్లకు మొదటి స్టేషన్‌లో, రెండో టెర్మినల్‌కు చివరి స్టేషన్‌లో దిగాలి. పొరపాటున దిగినా సీడీజీవాల్ అనే రైలు రెంటి మధ్యా ఉచితంగా తిప్పుతుంది. మామూలు మెట్రో టికెట్ ఎయిర్‌పోర్ట్‌కు చెల్లదు, పట్టుబడితే జరిమానా అక్కడికక్కడే కట్టాలి. ఎయిర్‌పోర్ట్ టికెట్ వేరు, 2025 జనవరిలో దాని ధర 13 యూరోలు చేశారు. మీరు వెళ్లే ఏడాది రేటు చూసుకోండి. ఈ లైన్‌లో మరమ్మతుల కోసం రాత్రిళ్లు, శని ఆదివారాలు రైళ్లు ఆపేయడం మామూలే. సమ్మెలు సరేసరి. ముందు రోజు సాయంత్రం తప్పకుండా చూసుకోండి.

నలుగురు ఉంటే టాక్సీయే నయం. షార్ల్ ద గోల్‌కూ పారిస్‌కూ మధ్య టాక్సీ రేటు ప్రభుత్వం నిర్ణయించినది: 2025లో సెన్ నది కుడి (ఉత్తరపు) ఒడ్డుకు 56 యూరోలు, ఎడమ (దక్షిణపు) ఒడ్డుకు 65. రాత్రయినా, ట్రాఫిక్ ఉన్నా, పెట్టెలు ఎక్కువున్నా అదే రేటు. టెర్మినల్ లోపల దగ్గరకొచ్చి 'టాక్సీ, టాక్సీ' అని పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి, వాళ్లు మూడు నాలుగింతలు గుంజుతారు. బయట క్యూలో నిలబడి, పైన 'టాక్సీ పారిజియన్' దీపం ఉన్న బండే ఎక్కండి.

ఇక రెండో ఉచ్చు, దీంట్లో పోయేది గది అద్దె కాదు, ఏకంగా ఇంటి టికెట్టే. రోమ్ నుంచో బార్సిలోనా నుంచో చౌక విమానంలో పారిస్‌కు వచ్చి, అదే రోజు హైదరాబాద్ విమానం ఎక్కేలా రెండు వేర్వేరు టికెట్లు కొంటున్నారు. కాగితం మీద ఆరు గంటల తేడా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. చౌక విమానం రద్దయితే ఆ కంపెనీ తన టికెట్ డబ్బులు తిరిగి ఇస్తుంది, లేదా మర్నాడు ఎక్కిస్తుంది. యూరప్ నిబంధనల ప్రకారం కంపెనీ తప్పు ఉంటే, 1500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోల పరిహారమూ రావచ్చు. కానీ తప్పిపోయిన హైదరాబాద్ టికెట్‌తో దానికి సంబంధం లేదు. రెండో కంపెనీ లెక్కలో మీరు రాని ప్రయాణికులు, అంతే. అప్పటికప్పుడు కొత్త టికెట్ కొనాలంటే నలుగురు ఉన్న కుటుంబానికి లక్షల్లో మాట. పైగా దిగేది బోవేలో, ఎక్కేది షార్ల్ ద గోల్‌లో అయితే ఆరు గంటలు ఏ మూలకూ చాలవు. వేరే టికెట్ మీద వస్తుంటే పారిస్‌లో కనీసం రెండు రాత్రులు ముందుండేలా చూసుకోండి.

దీనికి తోబుట్టువు ఇంకొకటుంది. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–పారిస్ రానుపోను టికెట్ కొన్నవాళ్లు, చివరి రోజులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో బంధువుల ఇంట గడిపి, పారిస్ వెళ్లకుండా నేరుగా అక్కడే ఎక్కుదామనుకుంటారు. అది కుదరదు. తిరుగు ప్రయాణంలో మొదటి ముక్క ఎక్కకపోతే మిగతా ముక్కలన్నీ కంపెనీ కంప్యూటర్ రద్దు చేసేస్తుంది. అలాంటి ఆలోచన ఉంటే కొనేటప్పుడే ఒక ఊళ్లో దిగి ఇంకో ఊళ్లో ఎక్కేలా టికెట్ అడగండి, ధరలో తేడా తరచుగా స్వల్పమే.

వీసా స్టిక్కర్ తీసి మళ్లీ చదవండి. చివరి తేదీ ఒక్కటే కాదు, ఎన్ని రోజులు ఉండవచ్చో కూడా అక్కడే ఉంటుంది. రాత్రి 11:50కి దిగినా ఆ రోజు ఒకటో రోజే. వెళ్లిపోయే రోజూ లెక్కలోకే వస్తుంది. 25 రోజులు ఇచ్చారు కదా అని 25 రోజులూ గదులు కొనేస్తే, విమానం రద్దయిన రోజున నిల్చోవడానికి చోటుండదు. ఒక రోజైనా మిగుల్చుకోండి. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) సరిహద్దుల్లో రాకపోకల్ని కంప్యూటర్‌లో నమోదు చేసే ఈఈఎస్ పద్ధతి మొదలైంది, రోజుల లెక్క ఇప్పుడు యంత్రమే వేస్తుంది. మధ్యలో యూరోస్టార్ ఎక్కి లండన్ వెళ్లి, చివరి రాత్రులకు మళ్లీ పారిస్ రావాలనుకుంటే వీసాలో ఎంట్రీల దగ్గర '01' (ఒక్కసారే ప్రవేశం) ఉందో 'ఎంయుఎల్‌టి' (ఎన్నిసార్లయినా) ఉందో చూడండి. 01 ఉంటే లండన్ వెళ్లిన క్షణాన మీ షెంగెన్ యాత్ర ముగిసినట్టే. పారిస్‌లో కొన్న గదులు, ఇంటి టికెట్ రెండూ చేతికి అందవు.

తేదీ దగ్గర తెలివైనవాళ్లు కూడా పప్పులో కాలేస్తారు. టికెట్ మీద 12వ తేదీ 00:40 అని ఉంటే, ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లాల్సింది 11వ తేదీ రాత్రి. 12 రాత్రి వెళ్తే విమానం పోయి దాదాపు 24 గంటలు అయి ఉంటుంది.

వీసా కోసం హైదరాబాద్‌లో దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో ఇచ్చిన ఫ్రీ క్యాన్సిలేషన్ బుకింగులు గుర్తున్నాయా? వీసా వచ్చాక వేరే గదులు కొని, పాతవి రద్దు చేయడం మరచిపోతే గడువు దాటగానే కార్డు నుంచి డబ్బు పోతుంది. గడువు లెక్క హోటల్ ఉన్న ఊరి టైం ప్రకారం ఉంటుంది. రద్దు చేశాక వచ్చిన మెయిల్ దాచుకోండి. యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్నదేదైనా 14 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చని ఎవరో చెప్పింది నమ్మి రీఫండ్ లేని గది కొనకండి. తేదీ ఖాయం చేసిన గదులకు ఆ హక్కు వర్తించదు.

హోటల్ కాకుండా ఇల్లు తీసుకుంటున్నారా? పారిస్‌లో రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇంటికి నగరపాలక సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్ ప్రకటనలో ఉండాలి. యజమాని తాను ఉండే ఇంటిని ఏడాదికి ఇన్ని రోజులే అద్దెకివ్వాలన్న పరిమితిని 2025 నుంచి 120 రోజుల నుంచి 90కి తగ్గించారు. నంబర్ లేని ఇల్లు, యాప్ బయట డబ్బు పంపమనే యజమాని కనబడితే ఆ ప్రకటన మూసేయండి. ఆఖరి రాత్రి తాళం దొరక్క వీధిలో పెట్టెలతో నిలబడితే, ఆ వేళకు దొరికే గది ధర రెండింతలుంటుంది. హోటల్ ధరకు పైన పర్యాటక పన్ను మనిషికి, రాత్రికి వేరుగా కట్టాలి, అది బుకింగ్ మొత్తంలో చాలాసార్లు కలిసి ఉండదు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా జరుగుతున్న మోసం. బుకింగ్ యాప్‌లోనే, మీ హోటల్ పేరుతోనే సందేశం వస్తుంది: 'మీ కార్డు సరిపోలలేదు, 12 గంటల్లో ఈ లింక్‌లో నిర్ధారించకపోతే గది రద్దవుతుంది'. మీ పేరు, తేదీలు అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే దొంగలు హోటల్ ఖాతాలోకే చొరబడి రాస్తున్నారు. లింక్ తెరవకండి. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కు చేసి అడగండి. విదేశీ సైట్లు చాలాసార్లు ఓటీపీ లేకుండానే మన కార్డు మీద డబ్బు లాగగలవు. అందుకే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ పరిమితిని అవసరం మేరకే పెట్టి, పని అయ్యాక ఆపేయండి.

డిపాజిట్ సంగతి కూడా. హోటల్‌లో దిగగానే వంద, రెండొందల యూరోలు కార్డు మీద నిలిపి పెడతారు. క్రెడిట్ కార్డు అయితే పరిమితిలోనే ఆగుతుంది. ఫారెక్స్ కార్డు ఇస్తే ఉన్న బ్యాలెన్సే ఇరుక్కుపోతుంది, విడుదల కావడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. డిపాజిట్‌కు ఎప్పుడూ క్రెడిట్ కార్డే ఇవ్వండి. మెషీన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడిగితే యూరోలే నొక్కండి.

చివరి రోజు షాపింగ్ చేసేవాళ్లకు పన్ను వాపసు ఉంది: ఒకే దుకాణంలో వంద యూరోలు దాటి కొనాలి, కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపి డెతాక్స్ (పన్ను వాపసు) కాగితం తీసుకోవాలి. ఎయిర్‌పోర్ట్‌లో పెట్టెలు చెక్-ఇన్ చేయకముందే 'పాబ్లో' అనే కస్టమ్స్ మెషీన్‌లో ఆ కాగితం స్కాన్ చేయాలి. ఫ్రాన్స్‌లో పన్ను 20 శాతం ఉన్నా, మధ్యవర్తి కంపెనీ రుసుము పోను చేతికొచ్చేది సాధారణంగా 12 శాతం దగ్గర. ఊళ్లోనే నగదు ఇచ్చేస్తామనే కౌంటర్లు మీ కార్డు హామీగా తీసుకుంటాయి. ఎయిర్‌పోర్ట్‌లో స్కాన్ చేయడం మరచిపోతే ఇచ్చింది, దానిపైన జరిమానా కలిపి లాగేస్తాయి. ఈ పనికి అదనంగా గంట పెట్టుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు చేయాల్సింది: ప్రకటన పేజీ, దూరం రాసిన చోటు, సందేశాలు అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి, ప్రకటన మార్చేలోపే. ముందు బుకింగ్ సైట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి. పరిష్కారం రాకపోతే మీ బ్యాంకులో 'సేవ అందలేదు' లేదా 'వర్ణించినట్టు లేదు' అన్న కారణంతో చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం) అడగండి. కార్డు వివరాలు దొంగల చేతిలో పడితే మాత్రం ఈ వరుస వద్దు: ముందు కార్డు బ్లాక్ చేసి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి గానీ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు పెట్టండి. విదేశం నుంచి 1930 కలవకపోతే ఇంట్లోవాళ్లతో చేయించండి.