పాత పైథాన్‌ని ఇంకా మోయాలా, వదిలేయాలా: ఏది మేలు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 3.8 వెర్షన్‌కి 2024 అక్టోబరులో, 3.9కి 2025 అక్టోబరులో గడువు తీరిపోయింది. ఇక వాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా రావు. చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో వాడుకోగలిగే కోడ్) నడిపేవాళ్లకి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది: తమ కోడ్ ఈ పాత వెర్షన్ల మీద కూడా నడిచేలా చూస్తూ ఉండాలా, వద్దా? వైజాగ్‌లో మధురవాడ వైపో గాజువాక వైపో ఒక కాలేజీ ల్యాబ్‌లో విండోస్ 7 సిస్టమ్‌లే ఉన్నాయనుకోండి. వాటి మీద 3.9 అసలు ఎక్కదు, 3.8తోనే ఆఖరు. అక్కడ కూర్చునే పిల్లలు ఆ వెర్షన్‌ని కోరి ఎంచుకోలేదు. పాతవాటిని మోయాలనే వాదనలో నాకు నిజంగా బరువైనదిగా కనిపించేది ఇదొక్కటే.

కానీ మోస్తే ఏమవుతుందో చూడండి. ఒక రకం సెట్టింగ్స్ ఫైళ్లు చదివే టామ్‌లిబ్ 3.11 నుంచి పైథాన్‌లోనే ఉంది. అంతకన్నా పాత వెర్షన్ల కోసం టామ్లి అనే బయటి ప్యాకేజీ పెట్టి, ఒకటి లేకపోతే ఇంకోటి తీసుకునేలా ట్రై, ఎక్సెప్ట్ రాసి, రెండు దారులూ టెస్ట్ చేయాలి. ఇది చిన్న తలనొప్పే. పెద్దది నంపై, అంటే లెక్కల కోసం వాడే లైబ్రరీ. 3.8 మీద నడిచే ఆఖరి నంపై 1.24. కొత్త పైథాన్ వాళ్లకేమో 2.x కావాలి. ఒకే కోడ్ రెండింటి మీదా నడవాలంటే రాత్రి తొమ్మిదికి ఆఫీసు నుంచి వచ్చి కూర్చునే మనిషికి కొత్త పని చేసే టైమే మిగలదు.

మరోవైపు సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టులు పాటించే స్పెక్ 0 అనే నియమం ఉంది: వెర్షన్ విడుదలైన మూడేళ్లకు వదిలేయొచ్చు. చిన్న లైబ్రరీకి అది తొందరే అంటాను. ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 22.04తో వచ్చే పైథాన్ 3.10. ఈ లెక్కన దాన్ని 2024లోనే వదిలేయాలి, ఆ ఉబుంటుకేమో 2027 దాకా మామూలు సపోర్ట్ ఉంది. తన సిస్టమ్‌ని పద్ధతిగా అప్‌డేట్ చేసుకునే మనిషిని బయట నిలబెట్టడం నాకు నచ్చదు.

అందుకే నా ఓటు మధ్య దారికి: పైథాన్ వాళ్లు ఇచ్చే ఐదేళ్లూ మోసి, గడువు తీరాక వచ్చే రిలీజ్‌లో వదిలేయడం. అలా వదిలేస్తే ల్యాబ్ పిల్లల పని ఆగిపోతుందని చాలామంది భయపడతారు. ఆగదు. ప్యాకేజీ వివరాల్లో రిక్వైర్స్-పైథాన్ దగ్గర 3.10 లేదా ఆపైది అని రాస్తే చాలు. 3.8 ఉన్న సిస్టమ్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ తనంతట తానే వెనక్కి వెళ్లి, సరిపోయే పాత రిలీజ్‌ని దించుకుంటుంది.

ఈ ఒక్క లైన్ మరిచిపోతే మాత్రం చిక్కే. పాత పైథాన్‌లోకి కొత్త కోడ్ దిగి, ఇంపోర్ట్ దగ్గరే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. తర్వాతి రిలీజ్‌లో లైన్ చేర్చినా సరిపోదు, ఎందుకంటే పిప్ మళ్లీ ఆ తప్పుడు రిలీజ్ దగ్గరికే వెళ్లి ఆగుతుంది. ప్యాకేజీలు ఉండే పైపీఐ సైట్‌లో దాన్ని యాంక్ చేయాల్సిందే, అంటే పిప్ దాన్ని ఎంచుకోకుండా గుర్తు పెట్టాల్సిందే.

వదిలేసే రిలీజ్‌కి ముందు రిలీజ్‌లోనే ఆ సంగతి చెప్పాలి. పాత బ్రాంచికి, అంటే పాత పైథాన్ మీద నడిచే రిలీజ్‌ల వరసకి, ఏడాది పాటు సెక్యూరిటీ ఫిక్స్‌లు మాత్రం ఇవ్వాలి. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ఇలాగే చేసింది: 2017 డిసెంబరులో 2.0తో పైథాన్ 2ని వదిలేసినా, 1.11ని 2020 ఏప్రిల్ దాకా చూసుకుంది. ఆ బ్రాంచికి కొత్త ఫీచర్లు అడిగితే మాత్రం ఒప్పుకోకండి. ఒకటి ఇస్తే 3.8 బరువు మళ్లీ మొదటికొస్తుంది.